పచ్చంటే ఏ పచ్చ? నాలుగేళ్ల బిడ్డకి పసుపు రంగు చూపించడం

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుంటాను, తప్పుగా అర్థం చేసుకునుంటే సరిదిద్దండి. మీది చిత్తూరు. బాబుకి నాలుగేళ్లు, ఎల్‌కేజీ. వచ్చే శుక్రవారం స్కూల్లో ఎల్లో డే అట. పసుపు డ్రెస్సు, పసుపు తిండి, పసుపు వస్తువు ఒకటి పంపమని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ఇంట్లో వాళ్ల అవ్వ చామంతిని చూపించి "ఎంత పచ్చగా ఉండాదో చూడు నాయనా" అంటుంది. స్కూల్లో మిస్సు దాన్నే ఎల్లో అంటుంది. ఆకుని కూడా అందరూ పచ్చే అంటారు. వాడు ఇవన్నీ కలగలిపి పండిన నిమ్మకాయని గ్రీన్ అంటున్నాడు. అవ్వని మాట మార్చుకోమని చెప్పాలా, డ్రెస్సు కొనాలా, ఆ రంగంటే బిడ్డకి ఇష్టం పుట్టాలంటే ఇంట్లో ఏం చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. అవ్వ మాట మార్చొద్దు. డ్రెస్సు కొనొద్దు. "ఇదేం రంగు చెప్పు" అని అడగడం ఒక వారం మానేయండి. మీ వంటింట్లోనూ వీధిలోనూ ఉన్న పసుపులు ఆరేడు ఒక పళ్లెంలో పెట్టుకుని, ఒకదానికీ ఒకదానికీ తేడా ఎక్కడుందో వాడితో కూర్చుని చూడండి. పేరు తర్వాత వస్తుంది. రాకపోతే ఇంకో ఆర్నెల్లకి వస్తుంది, కొంప మునిగేదేం లేదు.

నేను తిరుపతిలో ఓ చిన్న స్కూల్లో ఇరవై రెండేళ్లు నర్సరీ, ఎల్‌కేజీ బిడ్డలతో గడిపాను. ఎల్లో డేలు ఇరవై దాకా నడిపుంటాను. వాటిలో మొదటి సగం నా చేతులతో నేనే చెడగొట్టాను. గోడకి పసుపు బెలూన్లు, టేబుల్ మీద పసుపు ప్లాస్టిక్ అరటిపండు, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫోటో. సాయంత్రం ఒక బిడ్డని "ఈరోజు ఏం చూశావురా?" అంటే "బెలూను పగిలింది మిస్" అన్నాడు. వాడి రోజంతా అదే మరి.

ముందు ఆ పచ్చ సంగతి తేలుద్దాం. మీ అత్తగారిది తప్పు కాదు. తెలుగులో పచ్చ అనే మాట ఎప్పటినుంచో రెండు రంగుల్నీ మోస్తోంది. పచ్చకామెర్లు వస్తే కళ్లు ఆకు రంగుకి మారవు కదా. పచ్చగన్నేరు పూసేది పసుపు పువ్వే. రైలు కదలడానికి ఊపే పచ్చజెండా మాత్రం ఆకుపచ్చ. పసుపు, పసిడి, పచ్చి, పసిబిడ్డ అన్నీ ఈ పచ్చకి చుట్టాలే, ఒకే వేరు నుంచి పుట్టినవే. పైగా మీది చిత్తూరు. పక్కింట్లో అరవం వినపడుతూనే ఉంటుంది. వాళ్ల 'పచ్చై' అచ్చంగా ఆకుపచ్చే, పసుపుకి 'మంజళ్' అనే వేరే మాట ఉంది. మనకి పసుపు ఎలాగో వాళ్లకి మంజళ్ అలాగ, కొమ్ముకీ రంగుకీ ఒకటే పేరు. నా క్లాసులో అరవం మాట్లాడే ఇంటి పాప ఒకతి ఉండేది. చామంతిని చూపించి మంజళ్ అంటే ఒప్పుకునేది కాదు. "మంజళ్ డబ్బాలో ఉంటాది మిస్, ఇది పువ్వు" అనేది. ఆ పాప లెక్క ప్రకారం అది ఖచ్చితంగా సరైన మాట.

మీరు చెయ్యాల్సింది చిన్న పని. అవ్వ "పచ్చగా ఉండాది" అనగానే పక్కనుంచి "అవునత్తా, పసుపుపచ్చ" అని మాట పూర్తి చేయండి. ఆకు దగ్గరైతే "ఆకుపచ్చ" అని పూర్తి చేయండి. అవ్వని బిడ్డ ముందు సరిదిద్దితే వాడు రంగు నేర్చుకోడు, అవ్వకి తెలీదని నేర్చుకుంటాడు.

నాలుగేళ్లకి రంగుల పేర్లు కుదురుకోకపోవడం గురించి కంగారు పడకండి. నాలుగైదు నెలల పసిబిడ్డకే రంగులు బాగా కనపడతాయి. పేర్లు మాత్రం మూడు, నాలుగేళ్ల మధ్య మెల్లగా కుదురుకుంటాయి, కొందరికి ఐదు దాకా పడుతుంది. గిన్నె అనే మాట చేతికి దొరుకుతుంది, పసుపు అనే మాట దొరకదు. అది బస్సు మీద ఉంటుంది, పప్పులో ఉంటుంది, అవ్వ కాళ్ల మీద ఉంటుంది. ఇన్నిచోట్ల ఉండేది ఏమిటో పట్టుకోవడం బిడ్డకి చిన్న పనేం కాదు.

ఇక్కడ నాకు బాగా పనిచేసిన కిటుకు ఒకటుంది. వస్తువు పేరు ముందు, రంగు తర్వాత చెప్పండి. "పసుపు బంతి తే" అనకుండా "ఆ బంతి తే నాయనా, పసుపుగా ఉందే, అది" అనండి. చూపు ముందు బంతి మీద నిలబడుతుంది. అప్పుడు చెప్పిన రంగు దానికి అంటుకుంటుంది. మన భాషలో ఇది తేలిక, అవ్వలు ఎటూ ఇట్లాగే మాట్లాడతారు.

ఇక పళ్లెం. నేను క్లాసులో పెట్టేవి ఇవి: పసుపు కొమ్ము, పసుపు పొడి, కందిపప్పు, పెసరపప్పు, శనగపిండి, పండిన నిమ్మకాయ, చామంతి, సాన మీద తీసిన గంధం. ఏమీ చెప్పేదాన్ని కాదు. "అన్నిటికంటే గట్టిగా అరుస్తా ఉండేది ఏది?" అని మాత్రం అడిగేదాన్ని. ఒకేసారి నాలుగైదు చేతులు చామంతి మీద పడేవి. ఒకసారి ఓ పిల్లాడు పెసరపప్పుని, కందిపప్పుని పక్కపక్కన పోసుకుని చాలాసేపు చూశాడు. "ఇది నిద్రపోతా ఉండాది మిస్, ఇది లేచింది" అన్నాడు. నిద్రపోయేది పెసరపప్పు. లేత పసుపు, ముదురు పసుపు అని నేను రెండేళ్లుగా బోర్డు మీద చెప్తున్నది వాడు రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆ తర్వాత మా క్లాసులో లేత రంగులన్నీ నిద్రపోయేవే. గంధం అయితే గాఢనిద్ర.

పసుపు కొమ్ముని వాళ్ల ముందే విరవండి. పైన మట్టి రంగు, గరుకు, చూడ్డానికి ఏమీ ఉండదు. టక్కున విరిస్తే లోపల ముదురు నారింజ. పచ్చి కొమ్ము దొరికితే ఇంకా మంచిది, కోసిన చోట తడిగా మెరుస్తుంది. ఒక పాప "లోపల క్యారెట్ ఉంది" అని అరిచింది. అదే కొమ్ము దంచితే పసుపు, నీళ్లలో కలిపితే ఇంకో పసుపు, అన్నంలో కలిపితే మరో పసుపు.

లడ్డు మీద కూడా ఒక తగాదా జరిగింది. తిరుపతి బిడ్డలు కదా, పసుపు వస్తువు చెప్పమంటే సగం మంది లడ్డు అన్నారు. తక్కిన సగం కాదన్నారు. ఎవరో తెచ్చిన లడ్డు విరిచి కిటికీ దగ్గర పెట్టి చూశాం. బూంది ఒక రంగు, నెయ్యి ఇంకిన చోట ఒక రంగు, ముంతమామిడి పప్పు ఇంకో రంగు. చివరికి "లడ్డుది లడ్డు రంగు" అని తీర్మానం చేసుకుని తినేశారు. నేను కూడా అంతకంటే బాగా చెప్పలేను.

డ్రెస్సు ఎందుకు కొనొద్దన్నానో చెప్తాను. ఒక ఏడాది అందరూ బజారు నుంచి కొత్త పసుపు టీషర్టులు తొడుక్కొచ్చారు. ఒక పిల్లాడి అమ్మ మాత్రం ముందురోజు రాత్రి తెల్ల బనీనుని వేడి పసుపు నీళ్లలో ముంచి ఆరేసి తొడిగి పంపింది. రంగు ఎక్కడా సమంగా పట్టలేదు. మడత పడిన చోట ముదురుగా, వీపు మీద లేతగా ఉంది. ఆ గదిలో చూడదగ్గ పసుపు అదొక్కటే. టీషర్టులన్నీ ఒకే డబ్బాలో ముంచి తీసినట్టుంటే, ఈ బనీనులో పది రకాల పసుపులున్నాయి. మధ్యాహ్నానికల్లా ఆ రంగు పక్కన కూర్చున్నవాళ్ల చేతులకీ, నా కొత్త కాటన్ చీరకీ అంటింది. మా స్కూలు ఆయా కంగారుపడి ఒక బిడ్డ చెయ్యి సబ్బుతో కడిగింది. చెయ్యి ఎర్రగా మారిపోయింది. బిడ్డ రక్తం అనుకుని గుక్కపట్టి ఏడ్చింది.

ఆ ఏడుపు తీర్చడానికి నేను చేసిందే తర్వాత ప్రతి ఏడాదీ మా ఎల్లో డేకి అసలు ఆట అయింది. ఒక తెల్ల కాగితం మీద పసుపు నీళ్లు పూశాను. బిడ్డ వేలిని సబ్బునీళ్లలో ముంచి ఆ కాగితం మీద గీయమన్నాను. ఎర్ర గీత వచ్చింది. దాని మీద నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. ఏడుపు ఆగిపోయింది, మిగతా ముప్పై మంది వేళ్లు సబ్బు గిన్నెలో ఉన్నాయి. పసుపులో కుర్కుమిన్ అనే పదార్థం ఉంటుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే పసుపుకి తిరిగొస్తుంది. మన అవ్వలకి ఇది కొత్త కాదు. దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపు, సున్నం కలిపినవే. పెళ్లిలో కాళ్లకి పెట్టే పారాణి కూడా అదే. పసుపులోంచి ఎరుపు పుట్టడం బిడ్డ కళ్లారా చూస్తే, మరుసటి రోజు గడప మీద పసుపునీ కుంకుమనీ చూసే తీరే మారిపోతుంది.

ఒక జాగ్రత్త: బిడ్డల చేతికి తమలపాకు సున్నం ఇవ్వొద్దు. కంట్లో పడితే చాలా ప్రమాదం. సబ్బునీళ్లు గానీ వంటసోడా కలిపిన నీళ్లు గానీ చాలు. ఇంకొకటి, పూజకని విడిగా అమ్మే పసుపు తినేది కాదు, దాన్ని తినే వస్తువులతో ఆడే ఆటల్లో కలపొద్దు.

ఆ బనీను కథకి రెండో భాగం ఉంది. వాళ్లమ్మ ఉతికి రెండు రోజులు ఎండలో ఆరేస్తే రంగు చాలావరకు పోయిందట. పసుపు రంగు ఎండకి నిలవదు. ఈ లోపాన్నే ఆట చేసుకోవచ్చు. పాత తెల్ల నూలుగుడ్డని వేడి పసుపు నీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టండి. దాని మీద ఒక రావి ఆకో, వేపమండో పెట్టి, గాలికి పోకుండా పైన గాజు పలక పెట్టి మిద్దె మీద ఉంచండి. మన చిత్తూరు ఎండకి రెండు మూడు రోజుల్లో చుట్టూ ఉన్న గుడ్డ వెలిసిపోయి, ఆకు కింద మాత్రం పసుపు మిగులుతుంది. ఆకు తీసేశాక ఆకు ఆకారం. రోజూ ఎత్తి చూస్తామని బిడ్డలు ప్రాణం తీస్తారు, చూడనివ్వండి.

మరి నిలిచే పసుపు లేదా అంటే ఉంది. వీలైతే ఎప్పుడైనా శ్రీకాళహస్తి తీసుకెళ్లండి. అక్కడి కలంకారీ వాళ్లు పసుపు రంగుని కరక్కాయ పువ్వు ఉడకబెట్టి తీస్తారు. మేము ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లాం. గుడ్డని ముందు కరక్కాయ, గేదెపాలు కలిపి నానబెడతారు. ఆ వాసనకి మా బిడ్డలందరూ ముక్కులు మూసుకున్నారు. వెదురుపుల్లకి నూలు చుట్టిన కలంతో, బెల్లం నీళ్లలో ఇనప తుప్పు ఊరబెట్టిన ద్రవాన్ని తీసి గీస్తే, కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది నల్లగా తేలింది. ఆ నల్ల గీతల మధ్య పసుపు నింపుతుంటే ముక్కు మీద చెయ్యి తియ్యకుండానే అందరూ దగ్గరికి జరిగారు.

ఇది మామిడికాయల కాలమైతే మీ అదృష్టం. బేనీషా పచ్చికాయ ఒకటి వరిగడ్డిలో మాగబెట్టండి. రోజూ పొద్దున బిడ్డ చేతే తీయించి చూపించండి. ఆకుపచ్చ తగ్గుతూ పసుపు ఎట్లా దిగుతుందో వాడే చెప్తాడు. కాయ తోలులో పసుపు రంగు ముందే దాగి ఉంటుంది. మాగేకొద్దీ ఆకుపచ్చ కరిగిపోయి అది బయటపడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడూ పచ్చే, పండినా పచ్చే. మీ అత్తగారి మాటకి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. పక్కనే ఒక తోతాపురి పెడితే అది మాగినా ఎక్కడో ఒకచోట ఆకుపచ్చ అట్టిపెట్టుకునే ఉంటుంది, ఆ చిలక ముక్కు చూసి బిడ్డలు నవ్వుతారు. కార్బైడ్ వేసి మగ్గించిన కాయలు వద్దు. ఆరోగ్యానికి చేటు, ఆట కూడా చెడుతుంది, ఒక్క రాత్రిలో తోలంతా పసుపైపోతే బిడ్డ చూసేదేముంది.

వీధిలోకి తీసుకెళ్తే తంగేడు చూపించండి, వేసవి అయితే గుత్తులు వేలాడే రేల పువ్వు చూపించండి. పచ్చగన్నేరు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. గంట ఆకారంలో ముద్దొచ్చే పసుపు పువ్వు, గుళ్ల దగ్గరా కాంపౌండ్ గోడల పక్కనా ఎక్కడబడితే అక్కడ ఉంటుంది. దాని కాయ, గింజ, పాలు అన్నీ విషమే, గింజలు ప్రాణం తీస్తాయి. దూరం నుంచి చూడటమే, ఏరడం వద్దు. ఒక ఏడాది మా బిడ్డ ఒకడు "పసుపు వస్తువు" అని జేబు నిండా ఆ కాయలు తెచ్చాడు. నా గుండె ఆగినంత పనైంది. తప్పు నాదే, ఏం తేకూడదో చెప్పకుండా ఏం తేవాలో మాత్రమే చెప్పి పంపాను.

తిండి విషయం. ఎల్లో డే అనగానే కేసరి రంగు వేసిన స్వీట్లు బాక్సుల్లో దిగుతాయి. విడిగా అమ్మే మిఠాయిల్లో మెటానిల్ ఎల్లో అనే, తిండికి వాడకూడని రంగు కలిపే కల్తీ ఉంది. అంత మెరిసే పసుపు అక్కర్లేదు. చిత్రాన్నం చాలు. అరటిపండు ఉండనే ఉంది.

డ్రెస్సు గురించి ఇంకొక మాట, నవ్వుకోండి. ఎన్నికల ఏడాది ఒక తండ్రి గేటు దగ్గర నిలబడి "మా బిడ్డకి ఆ పార్టీ రంగు ఎందుకు వేయమంటున్నారు" అని నన్ను నిలదీశాడు. చామంతికి ఓటు లేదు నాయనా అని చెప్పి లోపలికి తీసుకొచ్చాను. ఏ రంగుకి ఏ జెండా అంటించాలో పెద్దవాళ్లకే తెలుసు, బిడ్డలకి తెలీదు.

నిజానికి మన వైపు బిడ్డలకి ఒక్కరంగు రోజులు కొత్తేం కాదు. మే నెలలో తిరుపతి గంగజాతరకి వస్తే చూస్తారు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామం కొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు, దొర వేషానికి గంధం. రోజుకొక రంగు వీధుల్లో నడిచి పోతుంది. మా పిల్లలు జాతర అయ్యాక స్కూలుకొచ్చి ఏ రోజు ఏ రంగో తడుముకోకుండా చెప్పేవాళ్లు. ఎవరూ నేర్పలేదు, ఒంటికి పూసుకున్నారు కాబట్టి గుర్తుంది.

ఒక్క విషయం మాత్రం గమనిస్తూ ఉండండి. పేరు తప్పు చెప్పడం వేరు, తేడా కనపడకపోవడం వేరు. పేర్లు అడగకుండా, ఎర్రవి ఒక కుప్ప, ఆకుపచ్చవి ఒక కుప్ప, పసుపువి ఒక కుప్ప పెట్టమనండి. కుప్పలు సరిగ్గా పెట్టి పేరు తప్పు చెప్తే చింత లేదు. ఐదేళ్లు దాటాక కూడా ఎరుపు, ఆకుపచ్చ కుప్పలు కలిపేస్తుంటే కంటి డాక్టరుకి ఒకసారి చూపించండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం మగపిల్లల్లోనే ఎక్కువ, చాలాసార్లు తల్లి వైపు నుంచి వస్తుంది. అది ఉన్న బిడ్డలకి కూడా పసుపు మామూలుగా బాగానే కనపడుతుంది. నా దగ్గర అట్లాంటి పిల్లాడు ఒకడు ఉండేవాడు, వాడికి అన్ని రంగుల్లోకీ పసుపు అంటేనే ప్రాణం. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇక శుక్రవారం ఏం చేయాలంటే. మీ స్కూలు వాళ్లు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో, మన ఇళ్లల్లో శుక్రవారం ఎప్పుడూ ఎల్లో డేనే. పొద్దున మీ అత్తగారు గడపకి పసుపు పూసేటప్పుడు బాబుని పక్కన కూర్చోబెట్టండి. ఒక మూల వాడి చేత పూయించండి, వంకరగా పూసినా అట్లాగే ఉంచండి. వస్తువు అడిగారు కదా, విరిచిన పసుపు కొమ్ము ఒకటి కాగితంలో చుట్టి పంపండి, ఇంటి దగ్గర చూసిందంతా వాడే మిస్సుకి చెప్తాడు. డ్రెస్సుకి పాత తెల్ల బనీను ముంచండి, పైన యూనిఫాం వేసినా ఫర్వాలేదు. బాక్సులో చిత్రాన్నం, స్పూను. చొక్కా మీద పడకుండా తినడు, పడుతుంది. సాయంత్రం ఆ మరక ఉతికేటప్పుడు మాత్రం ఒక్కరే కూర్చుని ఉతకొద్దు. వాణ్ణి పిలిచి, సబ్బు వాడి చేతికే ఇవ్వండి.